వద్దన్నవాళ్ల గడపలో కాస్త ఆగు

చిరంజీవి అమ్మలుకి,

బాబాయి ఆశీస్సులు. ప్రపంచంలో ప్రతి బిడ్డకీ టీకాలు అందాలనే ప్రచారంలో వాలంటీర్‌గా పేరిచ్చానని రాశావు. చాలా సంతోషం. జనంతో ఏం మాట్లాడాలని అడిగావు. ముందు, వద్దనేవాళ్ల గురించి చెప్తాను. కొత్తవాళ్లు తడబడేది అక్కడే.

వద్దన్న తల్లిని మూఢనమ్మకాల మనిషి అనుకోకు. నేను చూసినంతలో ఆ మాట కింద తరచుగా ఏదో చిన్న కారణం ఉంటుంది. పెద్దపిల్లకి టీకా వేయించాక జ్వరం వచ్చింది, వస్తుందని ముందుగా ఎవరూ చెప్పలేదు. కేంద్రానికి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. ఇంట్లో నిర్ణయం ఇంకొకరిది. ఒక డోసు తప్పిపోయింది, ఇప్పుడు వెళ్తే తిడతారని భయం. వీటికి కరపత్రం చేతిలో పెట్టి వచ్చేస్తే ఏం లాభం? ఏం జరిగిందో అడుగు, చివరిదాకా విను. డోసు తప్పినా చాలా టీకాలకు మళ్లీ మొదటి నుంచి వేయక్కర్లేదు, ఆగినచోటు నుంచే కొనసాగిస్తారు. ఈ ఒక్క ముక్క చెప్తే లేచి వచ్చే తల్లులు ఉంటారు.

అలీ మావో మాలిన్ సంగతి తెలుసుకో. సోమాలియాలో ఒక ఆసుపత్రి వంటవాడు. సూది నొప్పి పెడుతుందేమోనని మశూచి టీకాకి భయపడ్డాడు. 1977లో అతనికి మశూచి సోకింది. సహజంగా ఆ జబ్బు సోకినవాళ్లలో ప్రపంచంలో చివరివాడు అతనే. బతికాడు. తర్వాత పోలియో ప్రచారంలో చేరి, టీకాకి జంకేవాళ్ల దగ్గరికి వెళ్లి తన కథే చెప్పుకున్నాడు. భయపడ్డవాడు చెప్తే భయపడేవాళ్లు వింటారు కదా.

టీకాతో ఆటిజం వస్తుందటగా అనేవాళ్లూ తగులుతారు. ఆ భయానికి ఊపిరి పోసిన 1998 నాటి వ్యాసాన్ని, అచ్చువేసిన వైద్యపత్రికే 2010లో ఉపసంహరించుకుంది. ఇది తెలిసి ఉండటం మంచిదే కానీ, వెళ్లీ వెళ్లగానే దీన్ని విసరకు. ఎక్కడ విన్నారో అడిగాక చెప్పు. నీకు తెలియనిది అడిగితే నర్సును కనుక్కుని వస్తానను, నిజంగా మళ్లీ వెళ్లు. 'ఏమీ కాదు' అని మాత్రం ఎవరికీ మాటివ్వకు. చెయ్యి నొప్పి రావొచ్చు, జ్వరం రావొచ్చు, ఏ లక్షణం కనిపిస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పు.

విరాళాల పని వేరే ఇల్లు, వేరే గడప. అక్కడా కాదన్నవాళ్లకి కారణం ఉంటుంది. 'మేమిచ్చే డబ్బు ఎటు పోతుంది?' న్యాయమైన ప్రశ్న అది. టీకా మందు ఖర్చులో ఒక భాగమే. చాలా టీకాలను తయారైన చోటు నుంచి బిడ్డ దాకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా తీసుకెళ్లాలి. ఫ్రిజ్‌లు, ఐస్ బాక్సులు, బండి, నడిచి వెళ్లే ఆరోగ్య కార్యకర్త, అన్నీ డబ్బే. చాలా సీసాల మీద వృత్తంలో చిన్న చతురస్రం ఉంటుంది. వేడి తగిలేకొద్దీ అది ముదురుతుంది. చుట్టూ ఉన్న రంగుతో సమానమైతే ఆ సీసా పారేయాల్సిందే. శిక్షణలో ఒకటి అడిగి చూపించుకో. దాతలకు అంకెల కంటే అది బాగా ఎక్కుతుంది.

'ఎన్నాళ్లు ఇలా ఇస్తూ ఉండాలి?' అనేవాళ్లకి, పేద దేశాల పిల్లలకు టీకాలు అందేలా చూసే అంతర్జాతీయ కూటమి 'గావి' పద్ధతి చెప్పు. 2000లో మొదలైన ఆ కూటమి సాయం తీసుకునే దేశాలు తమ వాటా కూడా కడతాయి. ఆదాయం పెరిగేకొద్దీ వాటా పెరుగుతుంది, చివరికి ఖర్చంతా తామే పెట్టుకుంటాయి.

పెద్ద అంకెలు సభల్లో వాడుకో. గత 50 ఏళ్లలో టీకాలు 15 కోట్లకు పైగా ప్రాణాలు కాపాడాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2023లో ఒక్క డోసూ అందని పసివాళ్లు దాదాపు 1 కోటి 45 లక్షలు. గడపలో నిలబడి మాత్రం ఇవి చెప్పకు. ఆ తల్లి లెక్క ఒక్క బిడ్డతోనే.

ప్రజాప్రతినిధులకు ఉత్తరం రాస్తే ఒక పేజీ, ఒక కోరిక, చాలు. ఒప్పుకుంటే థాంక్స్ చెప్తూ ఇంకో ఉత్తరం రాయి. చాలామంది అది మర్చిపోతారు. సూదికి ఏడుస్తున్న పిల్లల ఫోటోలు తల్లిదండ్రులు ఒప్పుకోకుండా ఎక్కడా పెట్టకు.

మొదట్లో అనుభవం ఉన్నవాళ్లతో జంటగా వెళ్లు. నోట్‌బుక్ పెట్టుకుని, వద్దన్న కారణాలు పేర్లు లేకుండా రాసి నిర్వాహకులకు ఇవ్వు. కేంద్రం తెరిచే వేళ కూలికి వెళ్లే వేళ ఒకటే అయితే, మార్చాల్సింది ఆ తల్లిని కాదు, ఆ వేళని. అది పైవాళ్లకి నువ్వు చెప్తేనే తెలుస్తుంది. శిక్షణ అయ్యాక ఫోన్ చెయ్యి.

బాబాయి