మెడ వెనక సెగ్గడ్డా? ముందు షుగర్ చూపించుకోండి

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. దామలచెరువు మామిడి మండీలో పని చేస్తాను. మూడు నెలలుగా సెగ్గడ్డలు వస్తున్నాయి. మొదట తొడ మీద, తర్వాత చంకలో, ఇప్పుడు మెడ వెనక. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు మూడు రోజులు వేసుకుంటే తగ్గి, మళ్లీ లేస్తున్నాయి. వేడి చేసిందంటున్నారు. మామిడి పండ్లు మానేయాలా?

డాక్టర్ సలహా: పండ్ల సంగతి తర్వాత. షుగర్ ఎప్పుడు చూపించుకున్నారో మీరు రాయలేదు. నలభై దాటినవారికి గడ్డలు ఇలా వదలకుండా వస్తుంటే నాకు ముందొచ్చే అనుమానం అదే. రేపే పరగడుపున రక్తం ఇవ్వండి, గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా చేయించండి. మెడ వెనక గడ్డకు నాలుగైదు మొనలు లేచి చీము కారుతుంటే మాత్రం రిపోర్టు కోసం ఆగకుండా సర్జన్ దగ్గరికి వెళ్లండి.

ఈ గడ్డలకు చాలావరకు కారణం స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. పది మందిలో సుమారు ముగ్గురికి ముక్కులోనే ఉంటుంది, ఊరికే ఉన్నంతకాలం ఏమీ చేయదు. చర్మం చిట్లితే లోపలికి దిగుతుంది. కాయల సొన పడి చర్మం కాలడం, దాన్ని గోకడం మీ పనిలో మామూలే. దానికి ఆ దారి చాలు. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, సొన పడగానే సబ్బుతో కడిగేయండి.

నాకు బాధ కలిగించింది ఆ మూడు రోజుల మాత్రలు. స్ట్రిప్పు కత్తిరించి ఆరు మాత్రలు చేతిలో పెడతారు, మందు పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. నేను అడిగితే "ఎర్ర మాత్ర సార్" అంటారు. దాంతో నేనేం తెలుసుకోను? అమాక్సిసిలిన్ ఒక్కటే అయితే ఈ బ్యాక్టీరియాలో చాలా రకాలు దాన్ని ఎప్పుడో జయించాయి. ఎంఆర్ఎస్ఏ అనే మొండి రకానికైతే మామూలుగా వాడే మందులు చాలా పనిచేయవు. స్టెరాయిడ్ కలిసిన క్రీములూ పూయకండి.

పైగా చీము పట్టిన గడ్డకు అసలు వైద్యం కోసి చీము తీయడం. అది డాక్టరు చేయాలి, ఇంట్లో నొక్కడం, పిన్నుతో గుచ్చడం వద్దు. తీసిన చీమును కల్చర్‌కు, అంటే అందులోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే పరీక్షకు పంపమని అడగండి. ఏ మందు పనిచేస్తుందో రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. ముక్కులో రాసే ఆయింట్‌మెంట్ అవసరమా అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి. మీ తువ్వాలు, రేజరు ఇంట్లో ఇంకెవరూ వాడకూడదు.

చలిజ్వరం, ఎరుపు వేగంగా పాకడం, ఆయాసం, మాట తడబడటం వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే దగ్గరలోని పెద్దాసుపత్రికి, లేదంటే తిరుపతి రుయాకు వెళ్లండి.

మామిడి పండు తింటే గడ్డలు రావు. ఎన్ని తినవచ్చో షుగర్ రిపోర్టు చూశాక మీ డాక్టరు చెబుతారు.