బాగా పనిచేసే ఉద్యోగి ఉన్నట్టుండి ముభావంగా మారితే అది బర్నౌటేనా? సెలవు ఇస్తే సరిపోతుందా?

మీ బృందంలో అందరికంటే చురుకైన వ్యక్తి రెండు నెలలుగా ముభావంగా ఉంటున్నారని, సమావేశాల్లో నోరు విప్పడం లేదని, ఇది బర్నౌట్, అంటే దీర్ఘకాలిక పని ఒత్తిడితో మనిషి పూర్తిగా డీలాపడిపోవడమేనా అని, వారం రోజులు సెలవు ఇస్తే కుదుటపడతారా అని మీరు అడిగారు. నేను పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్ బృందాలను నడుపుతున్నాను. సరిగ్గా ఇలాంటి సందర్భంలోనే ఒకసారి పొరబడ్డాను కాబట్టి, ఆ అనుభవంతోనే జవాబు రాస్తున్నాను.

అప్పట్లో మా బృందంలో ఒకావిడ ఉండేవారు. గడువు అసాధ్యమనిపిస్తే "ఇది ఈ వారంలో అయ్యే పని కాదు" అని ఎవరి ముందైనా చెప్పేవారు. ఒక పెద్ద ప్రాజెక్టు మధ్యలో ఆమె వాదించడం మానేశారు. ఏ పని ఇచ్చినా "సరే" అనేవారు. ఆమెకు పరిణతి వచ్చిందని నేను సంతోషించాను. నిజానికి, చెప్పినా మారేదేమీ లేదని తేలిపోయి ఆమె చెప్పడమే మానుకున్నారు. పని మాత్రం సమయానికి అందుతూనే ఉండడంతో నాకు అనుమానం రాలేదు. నాలుగు నెలలకు రాజీనామా ఇచ్చారు. చివరి రోజున మాట్లాడినప్పుడు, ఆదివారం మధ్యాహ్నం నుంచే ఒంట్లో శక్తి తోడేసినట్టు ఉండేదని, ఒకప్పుడు ఇష్టంగా చేసిన పనిని తలచుకుంటేనే విసుగు పుట్టేదని, తాను ఈ వృత్తికి తగననే నమ్మకం కుదిరిపోయిందని చెప్పారు.

ఆమె చెప్పిన ఆ మూడూ బర్నౌట్ లక్షణాలేనని నాకు తర్వాత తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ కూడా వాటినే చెబుతుంది: శక్తి హరించుకుపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, పనితనం తగ్గిందనిపించడం. ఆ సంస్థ దీన్ని జబ్బుగా కాక, అదుపు చేయకుండా వదిలేసిన దీర్ఘకాలిక పని ఒత్తిడి నుంచి పుట్టే పరిస్థితిగా నిర్వచించింది. అంటే దాని మూలం పనిచోటులో ఉంది, మనిషి బలహీనతలో కాదు. 1974లో ఈ మాటను మనస్తత్వశాస్త్రంలోకి తెచ్చిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ దీన్ని గమనించింది కూడా ఉచిత వైద్యశాలలో అంకితభావంతో సేవ చేస్తున్న వారిలోనే. అందువల్ల మీ బృందంలో అందరికంటే మనసు పెట్టి పనిచేసే వ్యక్తికే ఇలా జరగడం వింతేమీ కాదు.

గుర్తించే విషయానికి వస్తే, ఒక మనిషిని పక్కవారితో కాక, ఆరు నెలల కిందటి ఆ మనిషితోనే పోల్చి చూడండి. స్వతహాగా మితభాషి అయినవారు మౌనంగా ఉంటే కంగారు పడనక్కరలేదు. వాదించేవారు మౌనం వహిస్తే పట్టించుకోవాలి. జాగ్రత్తపరులు చిన్న చిన్న తప్పులు చేయడం, ఓపికగా నేర్పించేవారు కొత్తవారిని చూసి చిరాకు పడడం, అర్ధరాత్రి దాటాక ఈమెయిళ్లు పంపడం, నెలల తరబడి సెలవు వాడుకోకపోవడం వంటివి నేను ఇప్పుడు గమనించే సంగతులు. మామూలు అలసట రెండు రోజుల విశ్రాంతితో తీరుతుంది, ఇది తీరదు.

ఇక సెలవు సంగతి. మినా వెస్ట్‌మన్, డొవ్ ఈడెన్ 1997లో ప్రచురించిన అధ్యయనంలో సెలవు రోజుల్లో తగ్గిన బర్నౌట్, ఉద్యోగులు తిరిగి పనిలో చేరిన మూడు వారాలకల్లా మునుపటి స్థాయికి చేరింది. పేరుకుపోయిన పనంతా తిరిగొచ్చిన మనిషి కోసమే ఎదురు చూస్తుంటే అంతకంటే ఏం జరుగుతుంది? సెలవు ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి, కానీ అదే చికిత్స అనుకోకండి.

ఆవిడ వెళ్లిపోయాక నేను మార్చిన వాటిలో అన్నిటికంటే పనికొచ్చినది ఒక్క నియమం: ఎవరికైనా కొత్త పని అప్పగిస్తే, దాని బదులు ఏ పని ఆగుతుందో, ఏది వాయిదా పడుతుందో అదే రోజున రాతపూర్వకంగా చెప్పాలి. చూడడానికి చిన్న సంగతే, కానీ పని మీద తమకు కొంత పట్టు ఉందన్న భావన లేకపోవడమే చాలామందిని లోలోపల తినేస్తుంది. ఈ రంగంలో ఏళ్ల తరబడి పరిశోధించిన క్రిస్టినా మాస్లాక్, మైకేల్ లైటర్ కూడా పనిభారంతో పాటు పని మీద పట్టు, గుర్తింపు, సహోద్యోగులతో సంబంధాలు, న్యాయం, విలువలు అనే ఆరింటిలో ఎక్కడ పొంతన తప్పిందో చూడమంటారు. రాత్రి కాల్స్‌కు స్పందించే బాధ్యతను నలుగురి మధ్య వారాల వంతున పంచాను. రాత్రి మేలుకున్నవారు మరునాడు ఆలస్యంగా వచ్చినా ఎవరూ ప్రశ్నించకూడదని తేల్చి చెప్పాను. పని గంటలు దాటాక సందేశాలు పంపడం నేనే మానేశాను. మొదట్లో ఎవరూ నమ్మలేదు. ఒకసారి పైఅధికారుల ముందు నిలబడి గడువును మూడు వారాలు పొడిగించేలా చేశాక మాత్రమే, తమ ఇబ్బందులు చెప్పుకోవడానికి ఒక్కొక్కరే ముందుకొచ్చారు.

మీ సహోద్యోగితో మాట్లాడేటప్పుడు "బాగానే ఉన్నారా?" అని అడిగితే "బాగానే ఉన్నానండీ" అనే జవాబే వస్తుంది. "మీ చేతిలో ఉన్న పనుల్లో ఏది తీసేస్తే మీకు కాస్త ఊపిరి ఆడుతుంది?" అని అడిగి, ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి. పనికి సంబంధం లేని వేళల్లో కూడా ఆయనకు దేని మీదా ఆసక్తి లేకపోయినా, నిద్ర బొత్తిగా కరువైనా, బతుకు మీదే విరక్తి మాటలు వినిపించినా అది కుంగుబాటు కావచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల సాయం అందేలా చూడండి.

సెలవు తేదీలు ఖాయం చేసే ముందు, ఆయన చేతిలోని పనులన్నీ ఇద్దరూ కలిసి ఒక కాగితం మీద రాయండి. వాటిలో కనీసం రెండింటిని ఆయన పేరు మీద నుంచి శాశ్వతంగా తీసేయండి. వాటిని ఎవరు చేస్తారో, లేదా ఎందుకు ఆపేస్తున్నారో బృందానికి మీరే చెప్పండి. ఆ మాట ఆయన చేత చెప్పిస్తే, తన భారం ఇతరుల నెత్తిన పెట్టానన్న బాధను కూడా మోసుకుంటూ సెలవుకు వెళతారు.