పదకొండు నెలల ప్రభుత్వం మీద నవల రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ నవల చిత్తుప్రతి ఆసాంతం చదివాను. వి.పి. సింగ్ ప్రభుత్వం బతికిన ఆ పదకొండు నెలలనీ, అదే కాలంలో కశ్మీర్ లోయలో ఇంటింటి గుమ్మం దాకా వచ్చిన తుపాకీనీ ఒకే కథలో పట్టుకోవాలనుకున్నావు. ఆ రోజులకి నువ్వింకా పుట్టలేదు. అయినా ఇంత చదివి, ఇంత శ్రమపడి రాశావంటే నాకు చాలా ఇష్టంగా ఉంది. అందుకే దాచుకోకుండా చెబుతున్నాను.

నీ నవలలో ఢిల్లీ వాళ్లంతా పిరికివాళ్లు. ప్రధాని తడబడతాడు, హోం మంత్రి కన్నీళ్లు పెట్టుకుంటాడు, అధికారులు గోడలకేసి చూస్తూ నిలబడతారు. చదివేవాడికి కోపం వస్తుంది గానీ ఏం జరిగిందో బోధపడదు. ఆ ప్రభుత్వం బలహీనత మనుషుల గుండెల్లో కంటే లోక్‌సభ సీట్ల లెక్కలో ఎక్కువగా ఉంది. ఆ లెక్క నీ పాఠకుడికి కంఠతా రావాలి. 1989 ఎన్నికల్లో కాంగ్రెస్‌కి 197, వి.పి. సింగ్ పార్టీ జనతాదళ్‌కి 143, బీజేపీకి 85. సీపీఎంకి 33, సీపీఐకి 12. జనతాదళ్, మరికొన్ని పార్టీలు కలిసిన నేషనల్ ఫ్రంట్‌కి ఛైర్మన్‌గా ఉన్న మన ఎన్టీఆర్ పార్టీకి దక్కినవి రెండే. బీజేపీ, వామపక్షాలు రెండూ బయటి నుంచే మద్దతిచ్చాయి. ఒకరు కశ్మీర్‌కి ప్రత్యేక ప్రతిపత్తి ఇచ్చిన 370వ అధికరణం తీసెయ్యాలంటారు, ఇంకొకరు దాన్ని ముట్టుకోవద్దంటారు. ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరు వియ్యంకుల మధ్య కూర్చున్న పెళ్లిపెద్ద పరిస్థితి ప్రధానిది. సొంత పార్టీలోనూ సుఖం లేదు. డిసెంబరు 1న హర్యానా నేత దేవీలాల్‌ని నాయకుడిగా ఎన్నుకోవడం, ఆయన ఆ పదవిని అక్కడికక్కడే వి.పి. సింగ్‌కి ఇచ్చెయ్యడం, మోసం చేశారని చంద్రశేఖర్ మండిపడటం, అన్నీ ఒక్క పూటలో జరిగిపోయాయి. ఇది నీ మొదటి ప్రకరణంలోనే రావాలి. నువ్వు పదో ప్రకరణంలో, అదీ ఒక పాత్ర నోట, ఉపన్యాసంలా చెప్పించావు.

ఇక డిసెంబరు 8. ప్రభుత్వం ప్రమాణం చేసి ఆరు రోజులు. సభలో విశ్వాస పరీక్ష కూడా ఇంకా కాలేదు. ప్రధాని అప్పుడే అమృత్‌సర్ వెళ్లి స్వర్ణ దేవాలయంలో మొక్కి వచ్చారు. పంజాబ్‌కి ఓదార్పు ఇద్దామనుకున్నారు, అందరి చూపూ అటే ఉంది. ఆ సాయంత్రం శ్రీనగర్‌లో, హోం మంత్రి ముఫ్తీ మహమ్మద్ సయీద్ కూతురు ఆసుపత్రి నుంచి మినీబస్సులో ఇంటికి వెళ్తుంటే, స్వతంత్ర కశ్మీర్ కోరే జేకేఎల్ఎఫ్ మిలిటెంట్లు ఆమెని ఎత్తుకుపోయారు. జైల్లో ఉన్న తమవాళ్లని వదిలితేనే అమ్మాయిని వదులుతామన్నారు. 13వ తేదీన ఐదుగురిని విడుదల చేశారు. ఆ తర్వాత కాసేపటికే అమ్మాయి క్షేమంగా బయటికొచ్చింది. శ్రీనగర్ వీధుల్లో జనం పండగ చేసుకున్నారు.

ఆ డిసెంబరులో నేను పేపరు డెస్కులో పనిచేసేవాణ్ని. టెలిప్రింటర్ మీద ఇంగ్లిషులో వచ్చేదాన్ని తెలుగులోకి దించడం నా పని. ఆ ఐదు రోజుల్లో ఆఫీసులో ఎవరూ "దీంతో కశ్మీర్ చేయి జారిపోతుంది" అనలేదు. ఆడపిల్ల, ఎలాగోలా ఇంటికొస్తే చాలు, అదే మాట. నీ పాత్రలు మాత్రం ఆ గదిలో కూర్చుని ముప్పయ్యేళ్ల తర్వాత టీవీ చర్చల్లో వినిపించే మాటలు మాట్లాడుతున్నాయి. వాళ్లకి రాబోయే జనవరి తెలియదు, మే నెల తెలియదు. తెలియని వాళ్లని తెలియనట్టే రాయి. అలా రాస్తే వాళ్లని వెనకేసుకొచ్చినట్టవుతుందేమోనని నీకు భయం ఉన్నట్టుంది. అవదు. 13వ తేదీ తెల్లవారుజామున కేంద్ర మంత్రులు ఐ.కె. గుజ్రాల్, ఆరిఫ్ మహమ్మద్ ఖాన్ విమానంలో శ్రీనగర్ వెళ్లి ముఖ్యమంత్రి ఫరూక్ అబ్దుల్లాని ఒప్పించాల్సి వచ్చింది. ఆయన మొదట విడుదలకి ఒప్పుకోలేదు. వదలకపోతే తన ప్రభుత్వాన్నే తీసేస్తామని ఢిల్లీ బెదిరించిందని తర్వాత బహిరంగంగా చెప్పారు. ఆ సంభాషణని పూర్తిగా రాయి. ఇద్దరి వాదనలోనూ బలం ఉండాలి. ఎవరిది తప్పో పాఠకుడు తేల్చుకుంటాడు.

బందీల కోసం ఖైదీలని వదలడం దానంతటదే పిరికితనం కాదనడానికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 1987 డిసెంబరు చివర్లో తూర్పు గోదావరి ఏజెన్సీలో, గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ దళం ఐఏఎస్ అధికారులని పట్టుకుపోయింది. వాళ్లలో ఎస్.ఆర్. శంకరన్ కూడా ఉన్నారు, జీవితమంతా దళితుల కోసం, గిరిజనుల కోసం పనిచేసిన మనిషి. ఎన్టీఆర్ ప్రభుత్వం జైల్లో ఉన్న నక్సలైట్లని వదిలింది, అధికారులు క్షేమంగా తిరిగొచ్చారు. అప్పుడు ఎన్టీఆర్‌కి శాసనసభలో తిరుగులేని మెజారిటీ ఉంది. అయినా వదిలారు. ఆయన్ని దానికి పిరికివాడు అనలేదెవరూ. మరి శ్రీనగర్‌లో జరిగిన మార్పిడి అంత పెద్ద గాయం ఎందుకయింది? ఈ ప్రశ్నే నీ నవలకి వెన్నెముక కావాలని నా కోరిక.

దానికి జవాబు కోసం నువ్వు కిడ్నాప్ దగ్గర మొదలుపెట్టకూడదు, వెనక్కి వెళ్లాలి. ఇక్కడ తెలుగు పాఠకుడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లడానికి దారి ఉంది, నువ్వు దాన్ని వాడుకోలేదు. 1983 మేలో ఎన్టీఆర్ విజయవాడలో ప్రతిపక్షాల సమావేశం పెడితే ఫరూక్ వచ్చారు. అక్టోబరులో ఫరూక్ శ్రీనగర్‌లో పెడితే ఎన్టీఆర్ వెళ్లారు. 1984 జులై 2న గవర్నర్ జగ్మోహన్ ఫరూక్‌ని దించేశారు. ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ని దించేశారు. ఇక్కడ జనం రోడ్ల మీదికి వచ్చారు, నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి. అక్కడ అది జరగలేదు. ఫరూక్ రెండేళ్లకి పైగా ఆగి, చివరికి రాజీవ్ గాంధీతో ఒప్పందం చేసుకుని గద్దెనెక్కారు. దాంతో లోయలో ఢిల్లీ మీద కోపం ఉన్నవాడు ఓటు వెయ్యడానికి మిగిలింది ముస్లిం యునైటెడ్ ఫ్రంట్ ఒక్కటే. 1987 మార్చి ఎన్నికల్లో ఆ ఓటుని కూడా దొంగిలించారు. శ్రీనగర్‌లోని అమీరాకదల్‌లో ఆ ఫ్రంట్ తరఫున నిలబడి ఓడినట్టు ప్రకటించబడ్డ యూసుఫ్ షా తర్వాత హిజ్బుల్ ముజాహిదీన్ నాయకుడు సలాహుద్దీన్ అయ్యాడు. అతని పోలింగ్ ఏజెంటు యాసిన్ మాలిక్ జేకేఎల్ఎఫ్‌లో తేలాడు. తుపాకులూ శిక్షణా పాకిస్తాన్ నుంచి వచ్చాయి, అది కాదనలేం. వాటిని అందుకోవడానికి చాచిన చేతులు మాత్రం ఇక్కడి పోలింగ్ కేంద్రాల నుంచి వెళ్లినవి. గుర్తేడుకీ శ్రీనగర్‌కీ నాకు కనిపించే తేడా ఇదే. ఇక్కడ ప్రభుత్వం ఖైదీలని వదిలినా, ఎన్నుకున్న వాళ్లే ప్రభుత్వంలో ఉన్నారన్న నమ్మకం జనంలో పోలేదు. అక్కడ 1989 నవంబరులో బారాముల్లా, అనంతనాగ్‌లలో ఓటు వేసింది నూటికి ఐదుగురు. కేంద్ర హోం మంత్రి అయిన కశ్మీరీ కూడా ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ నుంచి గెలిచి వచ్చినవాడే.

ఇంకా బాధ కలిగించే మలుపు ఏమిటంటే, 1990 జనవరి 19న కొత్త ప్రభుత్వం అదే జగ్మోహన్‌ని మళ్లీ గవర్నర్‌గా పంపింది. 1984లో ఆయన దించిన ఫరూక్ వెంటనే రాజీనామా చేశారు. గవర్నర్ చేతుల్లో తానూ పదవి పోగొట్టుకున్న ఎన్టీఆర్ ఛైర్మన్‌గా ఉన్న ఫ్రంట్ ప్రభుత్వం చేసిన పని అది. జగ్మోహన్ కోసం పక్కకి తప్పించిన గవర్నర్ ఎవరనుకున్నావు? మన ఉత్తరాంధ్ర మనిషి, మాజీ సైన్యాధిపతి జనరల్ కె.వి. కృష్ణారావు. నీ నవలలో ఆయన ఊసే లేదు. ఈ నియామకాన్ని బీజేపీ గట్టిగా సమర్థించింది, వామపక్షాలకి మింగుడుపడలేదు. సీట్ల లెక్క రాజ్‌భవన్ దాకా ఎలా వెళ్లిందో చూపించడానికి ఇంతకంటే మంచి సన్నివేశం నీకు దొరకదు.

ఇంకొక తెలుగువాడు కూడా ఉన్నాడు. పి. ఉపేంద్ర ఆ ప్రభుత్వంలో సమాచార ప్రసార శాఖ, పార్లమెంటరీ వ్యవహారాలు రెండూ చూశారు. అంటే సభలో ఓట్లు ఎటున్నాయో కనిపెట్టుకుని ఉండాల్సిందీ ఆయనే, దూరదర్శన్‌కి జవాబు చెప్పాల్సిందీ ఆయనే. ఫిబ్రవరి 13న శ్రీనగర్ దూరదర్శన్ డైరెక్టర్ లస్సా కౌల్‌ని మిలిటెంట్లు చంపేశారు. అటు ఓట్లూ ఇటు చావులూ ఒకే మంత్రి బల్ల మీదికి వచ్చిన ఆ రోజుని ఊహించి రాయి. ఆయన అన్న మాటలని కల్పించకు. ఆయన పేషీలో పనిచేసే ఒక గుమాస్తాని సృష్టించి, అతని కళ్లతో చూపించు.

నీ చేత ఒక పని చేయించాలని ఉంది. పెద్ద కాగితం తీసుకుని నిలువునా గీత గీసి, ఒక పక్క ఢిల్లీ, ఇంకో పక్క కశ్మీర్, తేదీల వారీగా రాసుకో. నీకే తెలుస్తుంది. ఉదాహరణకి జులై. 12న దేవీలాల్ కొడుకు చౌతాలా హర్యానా ముఖ్యమంత్రిగా మళ్లీ ప్రమాణం చేశాడు. మంత్రులు రాజీనామా చేశారు, ప్రధాని తానే తప్పుకుంటానన్నారు, ఐదు రోజులకి చౌతాలా దిగిపోయాడు. ఢిల్లీ పేపర్ల మొదటి పేజీ అంతా ఇదే. కశ్మీర్ వైపు చూడు. సైన్యానికి ప్రత్యేకాధికారాలు ఇచ్చే చట్టం లోయలో అమల్లోకి వచ్చింది ఆ జులై 5 నుంచే. తర్వాత దశాబ్దాల పాటు అక్కడి ప్రతి ఇంటినీ తాకిన చట్టం అది. దాని గురించి కూర్చుని మాట్లాడుకునే తీరిక ఢిల్లీలో ఎవరికి ఉంది? ఆగస్టు 1న ఉపప్రధాని దేవీలాల్ బర్తరఫ్, 7న మండల్ ప్రకటన. ఆ తర్వాత రథయాత్ర, సమస్తిపూర్‌లో అద్వానీ అరెస్టు, బీజేపీ మద్దతు వెనక్కి, నవంబరు 7న సభలో 142కి 346తో పతనం. ఈ చివరి భాగం నీకు బాగా వచ్చింది, దాన్ని కదపకు.

మార్చిలో కశ్మీర్ వ్యవహారాలని రైల్వే మంత్రి జార్జి ఫెర్నాండెజ్‌కి అప్పగించారు. హోం మంత్రి ముఫ్తీ, శ్రీనగర్‌లో జగ్మోహన్, మధ్యలో ఫెర్నాండెజ్. ఒకరు మాట్లాడదామంటే ఇంకొకరు ముందు అణచాలంటారు. దీన్ని నువ్వు ఒక్క పేరాలో దాటేశావు. పొడిగించు. ప్రభుత్వం నిలవాలంటే అందరినీ పెట్టుకోవాలి, అందరినీ పెట్టుకుంటే ఒక్క నిర్ణయం మీద నిలబడలేదు.

ఏప్రిల్ దగ్గర మాత్రం నెమ్మదిగా నడువు. కశ్మీర్ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ ముషీరుల్ హక్‌నీ, ఆయన కార్యదర్శినీ, హెచ్ఎంటీ జనరల్ మేనేజర్ హెచ్.ఎల్. ఖేరానీ మిలిటెంట్లు ఎత్తుకుపోయారు. మళ్లీ తమవాళ్లని వదలమని అడిగారు. ఈసారి ప్రభుత్వం వదలలేదు. ముగ్గురినీ చంపేశారు. డిసెంబరులో వంగినందుకు నిందపడ్డ ప్రభుత్వం ఏప్రిల్‌లో గట్టిగా నిలబడాలనుకుంది. ఆ గట్టితనం ఖరీదు మంత్రుల పిల్లలు కాని మనుషులు కట్టారు. ఖేరా ఇంట్లోవాళ్లు డిసెంబరు సంగతి గుర్తు చేసుకుని ఏమనుకుని ఉంటారో ఆలోచించు. నాకు ఈ పదకొండు నెలల్లో అన్నిటికంటే బరువైన చోటు ఇదే. నీ ప్రతిలో ఇది నాలుగు వాక్యాలు.

చివరిగా చావుల గురించి. 1989 సెప్టెంబరులో టీకాలాల్ టప్లూ, నవంబరులో మాజీ జడ్జి నీలకంఠ గంజూ, తర్వాత లోయలోని హిందువులైన ఎంతోమంది పండిట్లు హత్యకి గురయ్యారు. జనవరి 19 రాత్రి మసీదు మైకుల్లో వినిపించిన నినాదాలకి వణికిపోయి, చలికాలంలో పిల్లల్నీ ముసలివాళ్లనీ పెట్టుకుని ఊరొదిలిన కుటుంబాలు నీ నవలలో బాగా ఉన్నాయి. కానీ రెండు రోజుల తర్వాత, జనవరి 21న గావకదల్ వంతెన దగ్గర ఊరేగింపు మీద బలగాలు కాల్పులు జరిపాయి. ఎంతమంది పోయారన్న దాని మీద నేటికీ ఒకే లెక్క లేదు. అది నీ ప్రతిలో లేదు. మే 21న శ్రీనగర్ మతపెద్ద మీర్వాయిజ్ ఫరూక్‌ని సాయుధులు ఇంట్లోనే కాల్చి చంపారు. ఆయన శవయాత్ర మీదా బలగాలు కాల్చాయి. ఆ వెంటనే జగ్మోహన్‌ని మార్చారు. అదీ లేదు. ఒకరి ఏడుపు రాసి ఇంకొకరి ఏడుపు వదిలేస్తే, నువ్వు కూడా ఆ రోజుల్లో సీట్లు లెక్కపెట్టిన వాళ్ల పక్కన చేరినట్టే. మిలిటెంట్లని కూడా ఒకే ముద్దగా రాయకు. జేకేఎల్ఎఫ్ కోరింది స్వతంత్ర కశ్మీర్, హిజ్బుల్ కోరింది పాకిస్తాన్‌లో విలీనం. వాళ్లలో వాళ్లకీ పడలేదు.

భాష గురించి పెద్దగా చెప్పేది లేదు, నీ వాక్యం శుభ్రంగా ఉంది. ఉర్దూ మాటలు కాస్త తగ్గించు, అంతే.

మొదట ఏప్రిల్ ప్రకరణం తిరగరాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం. లైబ్రరీకి వెళ్లి 1990 జులై నాటి తెలుగు పేపర్లు పేజీ పేజీ తిరగెయ్యి. చౌతాలా వార్త ఎన్ని కాలమ్‌లు ఆక్రమించిందో, కశ్మీర్ వార్త ఏ మూల పడిందో రాసుకుని నాకూ చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు