కాకినాడ యాంకరేజ్‌లో బియ్యం ఓడ: డీజిల్ ఎక్కడ కాలుతుంది?

ఒడ్డుకి దూరంగా లంగరు వేసిన ఓడకి (ఆ చోటే యాంకరేజ్) బార్జీల మీద, అంటే సరుకు మోసే చదును పడవల మీద, బియ్యం తెచ్చి ఎక్కించే బదులు, డీప్‌వాటర్ బెర్తుకి, అంటే ఓడ నేరుగా ఆనుకునే లోతైన రేవుకి, ఓడని తెస్తే కాలుష్యం తగ్గుతుందా అని అడిగారు. బెర్తు మారినంత మాత్రాన తగ్గదండీ, ఓడ నిలబడే రోజులు తగ్గాలి.

ఓడకి 25,000 టన్నుల బియ్యం ఎక్కించాలంటే 50 కేజీల బస్తాలు 5 లక్షలు. స్లింగుకి (బస్తాలు కట్టి క్రేన్‌తో ఎత్తే తాళ్లకి) 40 బస్తాలు వేసినా 12,500 సార్లు ఎత్తాలి. నాలుగు క్రేన్లూ గంటకి 15 చొప్పున ఆగకుండా ఆడితేనే 208 గంటలు. ఈలోగా ఓడ జనరేటర్లు రోజుకి సుమారు 2-3 టన్నుల ఇంధనం తాగుతాయి. టన్ను ఇంధనానికి దాదాపు 3.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 2020 నుంచి ఓడల ఇంధనానికి వచ్చిన 0.5 శాతం పరిమితి గంధకానికే, కార్బన్ డయాక్సైడ్‌కి కాదు.

క్రేన్ వేగం మీద అందరూ పడతారు గానీ, రోజులు పోయేది బార్జీ రాకలో. కమర్షియల్ కెనాల్ మొగలో ఇసుక మేట వేస్తే నిండు బార్జీ పోటు కోసం ఆగాలి. ఆగలేక సగం లోడుతో పంపితే బార్జీని లాగే టగ్గు పడవ ట్రిప్పులు పెరుగుతాయి. అందుకని ముందు పోటు పట్టిక చూసి, దాన్ని బట్టి లారీలకి టైము చెప్పండి. మొదటి బార్జీలు ఎక్కువ సరుకు పట్టే హాచ్‌కి (ఓడలో సరుకు దించే గదికి) వెళ్లాలి. మిగతావి ఎంత త్వరగా నిండినా, ఆ హాచ్ అయ్యేదాకా ఓడ కదలదు.

వాన మబ్బు కనిపిస్తే హాచ్ మూతలు వేయించి, బార్జీ మీద టార్పాలిన్ కప్పించండి. తడిసిన బస్తా లోపలికి దిగితే పక్కవాటినీ బూజు పట్టిస్తుంది. తేమ 14 శాతం దాటిన సరుకుని రేవులోనే ఆపాలి, ఓడ దగ్గర తిప్పి పంపడం అంత తేలిక కాదు.

కొక్కేలతో లాగనివ్వకండి, సంచులు చిరుగుతాయి. బార్జీకీ ఓడకీ మధ్య వల గానీ పట్టా గానీ కట్టాలి. రాలిన గింజల్ని ముఠా కూలీలు నీళ్లలోకి ఊడ్చేస్తుంటారు, అది మాన్పించాలి. హోప్ ఐలాండ్ చాటున అలలు తక్కువ కాబట్టి గింజలు అంతగా కొట్టుకుపోవు, అక్కడే కుళ్లిన బియ్యం నీటిలో ఆక్సిజన్ లాగేస్తుంది. పక్కనే కోరింగ మడ అడవులు, రొయ్య పిల్లలు, పీతలు పెరిగేచోటు.

ఒడ్డు కరెంటు (జనరేటర్లు ఆపి ఒడ్డు నుంచి ఓడకి కరెంటు ఇవ్వడం) సంగతి: యాంకరేజ్‌లో కుదరదు. బెర్తులోనైనా చాలా ఓడలవి 440 వోల్టులు, 60 హెర్ట్జ్. మన కరెంటు 50 హెర్ట్జ్. మధ్యలో 50ని 60 చేసే ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ లేకపోతే తీగ లాగినా పనికిరాదు.