గరాజ్‌లో షెవెల్, ఇంటి మీద అప్పు

ప్రశ్న: మాది విజయవాడ. ఇప్పుడు డాలస్ దగ్గర సొంతింట్లో ఉంటున్నాం. నాకు 38 ఏళ్లు, హెచ్-1బి మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గ్రీన్‌కార్డ్ కోసం ఎదురుచూస్తున్నాం. నా భార్య హెచ్-4 ఈఏడీ (హెచ్-1బి ఉద్యోగి జీవిత భాగస్వామికిచ్చే పని అనుమతి) మీద పనిచేస్తోంది. ఇద్దరు పిల్లలు. ఇంటి వాయిదాతో కలిపి నెల ఖర్చు 7,000 డాలర్లు, మిగిలేది 1,800. బ్యాంకులో 30,000 ఉన్నాయి. మా నాన్న ఆటోనగర్‌లో లారీ మెకానిక్‌గా చేశారు. వచ్చే ఏడాది అక్టోబరులో ఆరు నెలలకు మా దగ్గరికి వస్తారు. ఇద్దరం కలిసి ఒక మజిల్ కారు (పెద్ద ఇంజిన్ ఉన్న పాత అమెరికన్ కారు) బాగుచేయాలని నా కోరిక. 1968 షెవర్లే షెవెల్‌లో సూపర్ స్పోర్ట్ రకం, ఎస్ఎస్ 396 ఒకటి 24,000కు ఇస్తామంటున్నారు. ఇంజిన్ స్టార్ట్ కాదు, కింద తుప్పు ఉంది. బాగుచేయడానికి ఇంటి మీద హీలాక్ (ఇల్లు తాకట్టు పెట్టి కావలసినప్పుడల్లా తీసుకునే అప్పు) 45,000 తీసుకుందామనుకుంటున్నాను. పూర్తయితే 80,000 పలుకుతుందంటున్నారు. ఇది మంచి పెట్టుబడేనా?

జవాబు: పెట్టుబడిగా అయితే వద్దండి. మీ నాన్నగారితో కలిసి చేసే పనిగా అయితే తప్పకుండా చేయండి. కాకపోతే ఈ కారుతో, ఈ అప్పుతో కాదు.

ముందు 24,000 సంగతి చూద్దాం. 1968లో ఎస్ఎస్ 396కు విడిగా మోడల్ నంబరు ఉండేది. డ్రైవరు వైపు ముందు అద్దంలోంచి చూస్తే డ్యాష్‌బోర్డు మీద చిన్న రేకుపై విన్, అంటే కారు గుర్తింపు నంబరు కనిపిస్తుంది. అది 138తో మొదలైతే ఫ్యాక్టరీ నుంచే ఎస్ఎస్‌గా వచ్చిన కారు. 136తో మొదలైతే వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ ఉన్న మాలిబు, అంటే షెవెల్‌లోనే ఎస్ఎస్ కాని రకం. మాలిబుకు ఎస్ఎస్ గ్రిల్లు, బానెట్, బ్యాడ్జీలు తగిలించి అమ్మడం ఎప్పటినుంచో ఉన్నదే, ఆ భాగాలన్నీ కొత్తవి దొరుకుతాయి. 1969 నుంచి ఎస్ఎస్‌ను ఆప్షన్ ప్యాకేజీగా మార్చారు కాబట్టి ఆ తర్వాతి కార్లలో విన్ చూసి తేల్చలేం. మీరు చూసింది 68 కారు కావడం మీకు కలిసొచ్చింది. అలాగే ఇంజిన్ బ్లాకు మీద కొట్టిన నంబరు కారు విన్‌తో కలుస్తోందో లేదో చూడండి. అవి కలవకపోతే అది కారుతో పాటు వచ్చిన ఇంజిన్ కాదు. 80,000 అన్న మాట ఎత్తాలంటే ఈ రెండూ సరిపోవాలి, ఆపైన పని నాణ్యంగా పూర్తవ్వాలి. విన్ మొదటి మూడు అంకెలను బట్టే సగం లెక్క మారిపోతుంది.

తర్వాత తుప్పు. డబ్బు మంచినీళ్లలా పోయేది ఇంజిన్ మీద కాదు, రేకు మీద. ఒక చిన్న అయస్కాంతం, టార్చిలైటు తీసుకెళ్లండి. వెనక అద్దం కింది అంచు, డిక్కీ అడుగు, వెనక చక్రాల చుట్టూ ఉన్న రేకు, ఫ్లోరు, వెనక ఇరుసు దగ్గర ఛాసిస్ చూడండి. పుట్టీ మందంగా పూసిన చోట అయస్కాంతం పట్టదు. టాపు మీద వినైల్ ఉంటే దాని కింద నీళ్లు నిలిచి రేకు తినేసి ఉండొచ్చు. ఇది మీకన్నా మీ నాన్నగారికే బాగా తెలుస్తుంది. వీడియో కాల్‌లో ఆయనకు చూపిస్తూ తిరగండి.

ఇంజిన్ మీరిద్దరూ విప్పగలరు. కానీ బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్ మెషిన్ షాపుకే వెళ్లాలి. నేను చూసిన బిల్లులను బట్టి చెప్పాలంటే ఇలాంటి కారుకు ఇంజిన్, గేర్‌బాక్సు కలిపి 8,000 నుంచి 11,000, రేకు పని, పెయింటు బయట చేయిస్తే 15,000 నుంచి 25,000, బ్రేకులు, సస్పెన్షన్, వైరింగ్, సీట్లు, క్రోమ్ అన్నీ కలిపి 9,000 నుంచి 12,000, వెల్డింగ్ మెషిన్, కంప్రెసర్, హాయిస్ట్ వంటి సామాన్లకు మరో 3,000 అనుకోండి. తక్కువ అంచనాలే కూడినా 35,000. కారు ధరతో కలిపి 59,000. ఎక్కువ అంచనాలు తీసుకుంటే 75,000. మీ ఇద్దరి కష్టానికి ఇందులో ఒక్క డాలరు కూడా వేయలేదు. లాభానికి అమ్మితే పన్ను కట్టాలి, నష్టానికి అమ్మితే సొంత వాడకపు కారు కాబట్టి మినహాయింపు రాదు. ఇలా ఒకటి తర్వాత ఒకటి బాగుచేసి అమ్ముదామనే ఆలోచన ఉంటే మాత్రం ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి. హెచ్-1బి మీద అది వ్యాపారం కిందికి వస్తే చిక్కు.

ఇక హీలాక్. 8 శాతం వడ్డీ అనుకుంటే 45,000కు వడ్డీ ఒక్కటే నెలకు 300 డాలర్లు, రేటు మారుతూ కూడా ఉంటుంది. ఇంటి బాగుకు వాడలేదు కాబట్టి ఆ వడ్డీకి పన్ను మినహాయింపు లేదు. పైగా టెక్సస్‌లో హీలాక్ నుంచి తీసిన ప్రతిసారీ కనీసం 4,000 తీయాలి. పాత కారు పనిలో ఒక వారం 90 డాలర్ల రబ్బరు, ఇంకో వారం 200 డాలర్ల పంపు కొంటుంటారు. దానికీ ఈ అప్పుకూ పొసగదు. 401(కె), అంటే మీ రిటైర్మెంటు పొదుపు ఖాతా నుంచి అప్పు కూడా వద్దు. ఉద్యోగం పోతే, ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా తీర్చని బాకీని ఆదాయంగా లెక్కేస్తారు, మీ వయసుకు 10 శాతం జరిమానా కూడా పడుతుంది.

నా అసలు భయం వేరే. మీ భార్య పని అనుమతి మీ వీసా మీద ఆధారపడి ఉంది. అంటే ఇంట్లో రెండు జీతాలున్నా, నిలబడింది ఒక్క ఉద్యోగం మీదే. ఆ ఉద్యోగం పోతే కొత్తది చూసుకోవడానికి ఉండేది 60 రోజుల వరకే. అలాంటి సమయంలో నడిచే పాత కారును నాలుగు వారాల్లో అమ్ముకోవచ్చు. విప్పేసి, నట్లు డబ్బాల్లో, తలుపులు గోడకు ఆనించి ఉన్న కారును ఎవరు కొంటారు? కొన్నా, విప్పకముందు ఉన్న ధర ఇవ్వరు, ఏ భాగం ఉందో ఏది పోయిందో వాళ్లకు తెలియదు కాబట్టి. ఆ కారు కోసం ఇల్లు తాకట్టులో ఉంటే మీ టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించండి.

అందుకే నా ప్లాన్ ఇది. మీకింకా ఏడాది ఉంది. నెలకు మిగిలే 1,800లో 1,000 బ్యాంకు నిల్వకు చేర్చండి. ఏడాదికి అది 42,000 అవుతుంది, అంటే ఆరు నెలల ఖర్చు. దాన్ని కారు కోసం ముట్టుకోకండి. మిగతా 800 వేరే ఖాతాలో వేస్తే అక్టోబరుకు 9,600 ఉంటాయి. దాంతో 1968 మాలిబు నాలుగు తలుపుల సెడాన్, నడుస్తున్నది, తుప్పు తక్కువ ఉన్నది వెతకండి. రెండు తలుపుల కూపేలకున్న గిరాకీ వీటికి లేదు, కాబట్టి ధర చాలా తక్కువ. ఎస్ఎస్ కాదని నిరాశపడకండి. బ్రేకులు, సస్పెన్షన్, కార్బురేటర్, చేతికి అంటుకునే గ్రీజు అంతా అదే కుటుంబానిది. పిల్లలు కూడా వెనక తలుపు తీసుకుని ఎక్కుతారు.

దాన్ని ఎప్పుడూ పూర్తిగా విప్పకండి. మొదట బ్రేకులు, అవి అయ్యాక పెట్రోలు ట్యాంకు, గొట్టాలు, తర్వాత వైరింగ్. ఒకటి బిగించి రోడ్డు మీద నడిపి చూశాకే రెండోది ముట్టుకోండి. మీ నాన్నగారున్న ఆరు నెలలూ అదే 800 భాగాలకు వాడితే 4,800. ఆ పనులకు సరిపోతాయి. నిల్వ నిండింది కాబట్టి ఆ 1,000 పిల్లల చదువుకు, మీ 401(కె)కు మళ్లించండి. అక్టోబరు నుంచి మార్చి దాకా డాలస్ గరాజ్‌లో పనిచేయడానికి వాతావరణం కూడా బాగుంటుంది.

పెయింటు మాత్రం ఇంట్లో కొట్టకండి. ఇప్పటి టూ-కే క్లియర్‌కోట్‌లో (రెండు ద్రవాలు కలిపి కొట్టే పైపూత) ఐసోసైనేట్లనే ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు ఉంటాయి, వాటిని మామూలు మాస్కు ఆపదు. గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే థిన్నర్ ఆవిరి అంటుకోవడానికి దాని మంట చాలు. హెచ్ఓఏ (మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు కూడా కారు కొనకముందే చదవండి, నడవని కారును డ్రైవ్‌వేలో ఉంచనివ్వని చోట్లు చాలా ఉన్నాయి.

ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు అగ్రీడ్ వాల్యూ పాలసీ, అంటే కారు విలువ ముందే ఒప్పుకుని రాసే పాలసీ అడగండి. మామూలు పాలసీలో యాభై ఏళ్ల తరుగుదల లెక్కేసి చేతిలో పెట్టేది దాదాపు ఏమీ ఉండదు. విడిభాగాలకూ కవరేజీ ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

24,000 కారు అమ్మేవాళ్లకు ఇప్పుడే కుదరదని చెప్పేయండి, అడ్వాన్సు ఇవ్వకండి. ఆ కారే కావాలని మనసు లాగుతుంటే ఒక్కసారి వెళ్లి విన్ మొదటి మూడు అంకెలు, ఇంజిన్ మీది నంబరు ఫొటో తీసి నాకు పంపండి. ఏ ధరకైతే మాట్లాడొచ్చో చెబుతాను.