చీటీ పైభాగం కూడా చదువు, చిన్నీ

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నీకు చెన్నైలో ఫార్మ్‌డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) ఇంటర్వ్యూకి పిలుపు వచ్చిందని చెప్పింది. నిద్రపోతున్న మీ పెదనాన్నని లేపి మరీ చెప్పాను. మన ఇంట్లో నా తర్వాత మందుల చదువు పట్టుకున్నది నువ్వొక్కదానివే. బి.ఫార్మ్ అవగానే ఏ కంపెనీలోనో చేరిపోతావనుకున్నాను. ఇంకో మూడేళ్లు చదివి ఆసుపత్రిలోనే పనిచేస్తానంటున్నావట. ఆ మాట విన్నాక ఇంక నాకు నిద్ర ఎక్కడిది.

కానీ మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. యూట్యూబ్ చూసి రెండు వందల ప్రశ్నలకు జవాబులు రాసుకుని బట్టీ పడుతున్నావట, అద్దం ముందు నిలబడి అప్పజెప్పుకుంటున్నావట. అప్పటి నుంచీ నాకు ఒకటే గుబులు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. కుదురుగా కూర్చుని చదువు.

ముందు చిన్న చిన్నవి చెప్పేస్తాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు, రెండు సెట్ల జిరాక్సులు, ఫోటోలు అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకో. ఇస్త్రీ చేసిన చుడీదార్ చాలు. ఫోన్ సైలెంట్‌లో పెట్టడం కాదు, ఆఫ్ చెయ్యి. అయిదో సెమిస్టర్ ప్రాజెక్టు గురించి అడుగుతారు, అందులో నువ్వు నీ చేత్తో చేసింది ఏమిటో అదే చెప్పు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే నెల్లూరులో రైలెక్కుతానన్నావట. వద్దు. ముందు రోజే వచ్చెయ్యి. గూడూరు, సూళ్లూరుపేట దాటి బాగానే వచ్చిన బండి బేసిన్ బ్రిడ్జి దగ్గర ఆగిపోయి, సెంట్రల్ స్టేషన్ అల్లంత దూరంలో ఉండగా ముప్పావుగంట కూర్చోబెట్టిన రోజులు నాకెన్నో తెలుసు. టెన్షన్‌తో చెమటలు కక్కుకుంటూ ఆ గదిలోకి వెళ్లొద్దు. సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కితే తండయార్‌పేటకి నేరుగా వస్తుంది, మారే పని లేదు. నేను స్టేషన్ బయట నిలబడి ఉంటాను.

ఇక ప్రశ్నలు. మొదట అడిగేది ఎలాగూ ఇదే: ఫార్మ్‌డి ఎందుకు? నువ్వు రాసుకున్న జవాబు మీ అమ్మ చదివి వినిపించింది. "సమాజానికి సేవ చేయాలన్నది నా చిన్ననాటి కల" అని రాశావట. అది నీ మాట కాదు తల్లీ. ఆ గదిలోకి వెళ్లేవాళ్లలో సగం మంది అదే చెబుతారు. నీకు ఆరేళ్లప్పుడు వేసవి సెలవులకి మా ఇంటికి వచ్చావు, గుర్తుందా? నేను తలనొప్పికి పారాసెటమాల్ వేసుకుంటుంటే పక్కన నిలబడి, "పెద్దమ్మా, మాత్ర పొట్టలోకి కదా వెళ్తుంది, నొప్పి తలలో ఉందని దానికెలా తెలుస్తుంది?" అన్నావు. అప్పటికి ఇరవై ఏళ్లుగా ఆ మాత్రలు కౌంటర్ మీద ఇస్తున్నాను. ఒక్కరూ అలా అడగలేదు. దానికి తెలియదమ్మా, రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది, అవసరం ఉన్న చోటికీ పోతుంది, లేని చోటికీ పోతుంది అని చెప్పాను. "లేని చోట ఏం చేస్తుంది?" అన్నావు వెంటనే. చిన్నీ, సైడ్ ఎఫెక్టుల సబ్జెక్టంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది. నువ్వు ఈ చదువు మొదలుపెట్టింది ఆ రోజు. అది చెప్పు.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

1983లో డి.ఫార్మ్ (ఫార్మసీ డిప్లొమా) సీటు కోసం నేనూ ఇంటర్వ్యూకి వెళ్లాను, ఇక్కడే, అప్పటి మద్రాసులో. మా మేనమామకి వాషర్‌మన్‌పేటలో మందుల షాపు ఉండేది. చదువు ఆగిన రెండేళ్లూ అక్కడే కూర్చున్నాను. షెల్ఫులో ఏ మందు ఏ వరసలో ఉందో చీకట్లో కూడా తీసి ఇచ్చేదాన్ని. అందుకని నాకు భయం లేదు, చాలా ధీమాగా వెళ్లాను. లోపల ముగ్గురు ఉన్నారు. మధ్యలో ఉన్న పెద్దాయన తెల్ల చొక్కా జేబులో రెండు పెన్నులు. మందుల షాపులో పనిచేశానని నేనే గొప్పగా చెప్పుకున్నాను. "అయితే చీటీలు చదవడం వచ్చన్నమాట" అంటూ ఆయన డ్రాయరు లాగి పాత మందుల చీటీ ఒకటి తీసి నా ముందు పెట్టారు.

నీలి సిరా. చెమ్మ తగిలి కొంచెం అలుక్కుపోయింది. మందు పేరు "క్లోర్‌ప్రో" దాకా తెలుస్తోంది, అక్కడి నుంచి వట్టి గీత. వంద మిల్లీగ్రాములు, రాత్రి ఒకటి. మా షాపులో క్లోర్‌ప్రోపమైడ్ రోజూ అమ్మేవాళ్లం. షుగర్ మాత్ర. ఇప్పుడంటే కనిపించదు గానీ అప్పట్లో చాలామంది వాడేవారు. రోజూ చూసేదే కాబట్టి నా కంటికి అదే కనిపించింది. "క్లోర్‌ప్రోపమైడ్ సార్" అన్నాను.

"బాగా చూశావా?" అన్నారు.

చిన్నీ, సరిగ్గా అప్పుడే నాకు లోపల జంకు పుట్టింది. షుగర్ మాత్ర పొద్దున టిఫిన్‌తో కదా వేసుకుంటారు, రాత్రికి ఎందుకు రాశారు అని తోచింది. తోచిన మాట నిజం. కానీ తడబడితే సీటు పోతుందేమో అని ఆ జంకుని గొంతులోనే నొక్కేశాను. "ష్యూర్ సార్" అన్నాను, ఇంకాస్త గట్టిగా.

ఆయన చీటీ పైభాగం మీద వేలు పెట్టి చూపించారు. నేను అటు చూడనే లేదు. వయసు పంతొమ్మిది. పక్కన మానసిక వైద్య విభాగం ముద్ర. అది క్లోర్‌ప్రోమజైన్. మనసు చెదిరి నిద్ర లేక తిరుగుతున్న ఒక కుర్రాడికి రాసిన మందు. "ఈ అబ్బాయికి షుగర్ లేదమ్మా. నువ్విచ్చింది వేసుకుని పడుకుంటే తెల్లారి లేస్తాడా?" అన్నారు. కోప్పడలేదు. చీటీ మడిచి మళ్లీ డ్రాయరులో పెట్టుకున్నారు. నాకు ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

క్లోర్‌ప్రోపమైడ్ ఒంట్లో ఒక రోజుకి పైగా పనిచేస్తూనే ఉంటుంది. షుగర్ జబ్బు లేనివాడికి ఇస్తే రక్తంలో షుగర్ పడిపోతుంది, గ్లూకోజ్ ఎక్కించి పైకి తెచ్చినా మళ్లీ పడిపోతుంది. ఆ సంగతి తర్వాత చదువుకున్నప్పుడు తెలిసి చేతులు వణికాయి. ఆ సంవత్సరం నాకు సీటు రాలేదు. సిఫారసు లేక రాలేదని ఇంట్లో చెప్పాను. మా నాన్న ఎవరెవరినో తిట్టుకున్నారు. నేను నోరు విప్పలేదు. ఇన్నేళ్ల తర్వాత నీకు చెబుతున్నాను. మరుసటి ఏడు వేరే కాలేజీలో ప్రూఫ్ స్పిరిట్ అంటే ఏమిటని అడిగారు. "తెలియదు సార్, నేర్చుకుంటాను" అన్నాను. నాలిక మీద ఆ మాట ఎంత బరువుగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. ఆ ఏడు సీటు ఇచ్చారు.

నీ రెండు వందల జవాబులంటే నాకు భయం అందుకే. బట్టీ పట్టినవాడు రెండు వందల ఒకటో ప్రశ్న వచ్చినప్పుడు చేతికి దగ్గరగా ఉన్న జవాబు తీసి ఇచ్చేస్తాడు, నేను షెల్ఫులోంచి తీసి ఇచ్చినట్టు. నీకు తెలియనిది అడిగితే "నాకు ఖచ్చితంగా తెలియదు, ఫలానా చోట చూస్తాను, లేదా రాసిన డాక్టర్‌నే అడుగుతాను" అను. తెలియదని ఊరుకోకు, ఎక్కడ చూస్తావో కూడా చెప్పు. కేసు ఇస్తే మందు దగ్గరికి పరుగెత్తకు. ముందు పైన చదువు. వయసెంత, బరువెంత, గర్భిణియా, క్రియాటినిన్ ఎంత (కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పేది), ఏ మందైనా పడదా, ఇంకేం వాడుతున్నారు. ఆ తర్వాతే మందు పేరు. నెమ్మదిగా చదువుతున్నావని ఎవరైనా అనుకుంటే అనుకోనీ.

మూడో సెమిస్టర్‌లో ఫార్మాస్యూటికల్ ఇంజినీరింగ్ పోయింది కదా, దాన్ని దాచే ఆలోచన కూడా మానుకో. మార్కుల లిస్టు వాళ్ల చేతిలోనే ఉంటుంది. పోయింది, మళ్లీ రాశాను, పాసయ్యాను అని మూడు ముక్కల్లో చెప్పు. లెక్చరర్ సరిగా చెప్పలేదని మాత్రం నోరు జారకు. ఆ అలవాటు నీకుంది, చిన్నప్పుడు ముగ్గులో చుక్కలు తప్పినా పిండి బాగాలేదనేదానివి.

చట్టం వైపు కూడా అడగొచ్చు. ఫార్మసీ యాక్ట్ 1948 నాటిది. షెడ్యూల్ హెచ్1, అంటే చీటీ లేకుండా ఇవ్వకూడని, లెక్క రాసి అమ్మాల్సిన మందుల జాబితా, 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. క్షయ మందులు, కొన్ని పెద్ద యాంటీబయాటిక్స్, అల్ప్రజోలం లాంటివి అందులోకి వస్తాయి. డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు భద్రపరచాలి. మందు వికటించినప్పుడు ఎక్కడ తెలియజేస్తారని అడిగితే, 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం గురించి చెప్పు. ఇవి నీకు వచ్చినవే.

తమిళం వచ్చా అని తప్పకుండా అడుగుతారు. వార్డులో మాట్లాడాల్సింది తమిళం మాట్లాడే రోగులతోనే. "సాప్పాట్టుకు మున్నాడి" అంటే అన్నానికి ముందు, "సాప్పాట్టుకు అప్పురం" అంటే తిన్నాక. ఈ రెండూ నేర్చుకుని వెళ్లు. ఈ ఊళ్లో నా ఉద్యోగం మొదటి నెలంతా ఈ రెండు మాటల మీదే నడిచింది. మిగతాది మనుషులే నేర్పుతారు.

సెంట్రల్‌లో దిగి బయటికి రాగానే ఎదురుగా జనరల్ హాస్పిటల్, దాన్ని ఆనుకుని మద్రాస్ మెడికల్ కాలేజీ కనిపిస్తాయి. ఒక్క నిమిషం ఆగి చూడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చదివింది అక్కడే. ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. అనే చిన్న సర్టిఫికెట్ చేతిలో పెట్టారంటారు. తర్వాత ఆయన అమెరికాలో నడిపిన పరిశోధనల్లోంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. కీళ్లవాతానికి ఆ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి. నేను ఉద్యోగంలో ఉండగా ఒక పెద్దావిడ డిశ్చార్జి చీటీలో అది రోజూ ఒకటి అని ఉంది. అలా వేసుకుంటే నోరంతా పుళ్లు పడి రక్తకణాలు పడిపోతాయి. రాసిన డాక్టర్‌కి ఫోన్ చేస్తే అటు నుంచి "నీకు చదవడం రాదా?" అన్నారు. "వచ్చు సార్, అందుకే అడుగుతున్నాను" అన్నాను. కాసేపు మాట లేదు. ఆ తర్వాత వారానికి ఒకటి అని దిద్దించారు. ఆవిడకి ఈ సంగతేమీ తెలియదు. మంచినీళ్ల సీసా అడిగి తీసుకుని వెళ్లిపోయింది.

ఫార్మ్‌డి మన దేశంలోకి వచ్చింది 2008లో. మా కాలంలో లేదు. నేను ముప్పై ఆరేళ్లు ఇనుప ఊచల కిటికీ వెనక నిలబడ్డాను, నా దాకా చీటీ వచ్చేది గానీ మనిషి వచ్చేవాడు కాదు. నువ్వు డాక్టర్లతో పాటు రౌండ్స్‌కి వెళ్తావు, మంచం పక్కన నిలబడి కేస్ షీట్ తిప్పుతావు. నేను కిటికీలోంచి ఊహించుకోవాల్సి వచ్చినవన్నీ నువ్వు కళ్లారా చూస్తావు. ఇది రాస్తుంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

సీటు రాకపోతే ఆ రోజు సాయంత్రం ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. నేరుగా మా ఇంటికే వచ్చెయ్యి, చింతపండు చారు కాచి పెడతాను, తిని పడుకో. ఎందుకు రాలేదో మాత్రం నాకు నిజం చెప్పు.

వచ్చేటప్పుడు మీ అమ్మ మందుల చీటీ పట్టుకురా. ఫోన్‌లో ఫోటో వద్దు, అసలు చీటీయే కావాలి. బీపీ మాత్ర మార్చారని నిన్న చెప్పింది, పేరు రెండుసార్లు రెండు రకాలుగా పలికింది. నేను చూడాలి.

మీ పెద్దమ్మ
తండయార్‌పేట, చెన్నై