స్టెప్నీ, డిక్కీ, వెల్ష్ ప్లగ్: ఈ పేర్లు ఎక్కడివి?

ప్రశ్న: కారులో అదనపు చక్రాన్ని స్టెప్నీ అని ఎందుకంటారు?

జవాబు: అది వీధి పేరు. వేల్స్‌లోని లనెల్లీ పట్టణంలో స్టెప్నీ స్ట్రీట్ ఉంది. 1904లో థామస్ మోరిస్ డేవిస్ అక్కడ తయారుచేసిన చక్రానికి ఆ పేరే పెట్టారు. అప్పట్లో కారుతో అదనపు చక్రం ఇచ్చేవారు కాదు. పంక్చరైతే చెక్క ఆకుల (స్పోకుల) చక్రాన్ని బండికే ఉంచి, దారి పక్కన టైరు ఊడదీసి, ట్యూబుకు అతుకు వేసి, మళ్లీ గాలి కొట్టాల్సిందే. డేవిస్ చక్రానికి ఆకులు లేవు, నడుమ ఇరుసుకు తగిలించే హబ్బూ లేదు. గాలి నింపిన టైరున్న ఉత్త రిమ్ము అది. పంక్చరైన చక్రానికి పక్కనే దాన్ని ఆనించి క్లాంపులతో బిగిస్తే బండి కదిలేది. అంటే తొలినాళ్ల స్టెప్నీని మార్చేవారు కాదు, తగిలించేవారు. విప్పి మార్చుకునే చక్రాలు వచ్చాక ఆ పద్ధతి పోయింది. పేరు మాత్రం మన దేశంలోనూ మాల్టాలోనూ ఉండిపోయింది. బ్రెజిల్‌లో ఇప్పటికీ ఎస్తెపీ అంటారు.

ప్రశ్న: సామాను పెట్టే చోటు డిక్కీ ఎలా అయింది?

జవాబు: డిక్కీ మొదట సీటు. గుర్రపు బగ్గీ వెనక నౌకర్లు కూర్చునే చోటు అది. తర్వాత రెండు సీట్ల కార్లలో వెనక మూత తెరిస్తే అదే వీపు ఆనుకునే పలక అయ్యేది. పైకప్పు అక్కడిదాకా రాదు కనుక వానొస్తే తడవాల్సిందే. ఆ సీటు పోయింది, చోటు సామానుకు మిగిలింది. అలాంటి పాత కారు కొనేవారు మూత చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు చూడండి. అది పగిలితే నీరు దిగి అడుగు కుళ్లుతుంది.

ప్రశ్న: పాత కారు ఇంజను బ్లాకు పక్కన రేకు బిళ్ల దగ్గర నీరు కారుతోంది. దాన్ని వెల్ష్ ప్లగ్ అంటున్నారు. వేల్స్ నుంచి వచ్చిందా?

జవాబు: కాదు. అమెరికాలోని వెల్చ్ అనే పాత కార్ల కంపెనీ పేరు అలా మారింది. బ్లాకు పోత పోశాక లోపలి ఇసుకను తీయడానికి వదిలిన కన్నాలను ఈ బిళ్లలతో మూస్తారు. నీరు గడ్డకడితే ఇవి ఊడి బ్లాకును కాపాడతాయని చాలామంది నమ్ముతారు. ఆ ధీమా వద్దు, బిళ్ల ఊడకుండానే బ్లాకు పగలొచ్చు.

కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) బదులు ఉత్త నీళ్లు పోస్తే బిళ్ల లోపలివైపు నుంచి తుప్పు తింటుంది. అందుకే ఒకటి కారితే అన్నీ మార్చడం మేలు. ఇంజను చల్లారాక కూలెంట్ దించి, బిళ్ల నడుమ చిన్న రంధ్రం చేసి పెకిలించండి. డ్రిల్లు లోతుకు దిగనివ్వకండి, వెనకే సిలిండరు గోడ ఉండొచ్చు. కన్నం అంచున తుప్పు గీకి, పల్చగా సీలెంటు రాసి, కొత్త బిళ్లను ఉబ్బు బయటికి ఉండేలా కూర్చోబెట్టండి. బిళ్లకన్నా కాస్త చిన్నదైన, చదును ముఖమున్న డ్రిఫ్టు (సుత్తి దెబ్బను అందించే లోహపు కడ్డీ) పెట్టి నడుమ గట్టిగా ఒక దెబ్బ వేయండి. ఉబ్బు అణిగితే అంచు వెడల్పై కన్నాన్ని పట్టేస్తుంది. ఇంకా కొట్టి లోపలికి సొట్ట పడితే అంచు వెనక్కి ముడుచుకుని మళ్లీ కారుతుంది. అప్పుడు ఆ బిళ్ల పారేసి ఇంకోటి వేయాల్సిందే. గిన్నెలా ఉండే ప్లగ్గులకు మాత్రం ఇలా నడుమ కొట్టకండి. వాటిని తగిన సైజు డ్రిఫ్టుతో సమంగా, వంకర పోకుండా లోపలికి దింపాలి.